లెక్కా పత్రం: సోమవారం కాల్‌లో మూడు నిమిషాలు

ముంబైలో బాండ్ల డీలింగ్ రూములో చాలాకాలం పనిచేసి, ప్రస్తుతం విజయవాడలో ఉంటున్న మా కాలమిస్టు ఈ పక్షం పాఠకుల ప్రశ్నలకు ఇచ్చిన జవాబులు.

ప్రశ్న: మేడమ్‌ గారికి నమస్కారం. మాది తెనాలి. హైదరాబాదులో ఎంబీఏ చదువుతూ ఈ ఎండాకాలం ముంబైలో ఒక ఫండ్ హౌస్ డెట్ డెస్క్‌లో (బాండ్లు కొని అమ్మే విభాగం) ఇంటర్న్‌గా చేరాను. ఇక్కడ ప్రతి సోమవారం పొద్దున్నే క్రెడిట్ మార్కెట్ అప్‌డేట్ కాల్ ఉంటుంది. ఫండ్ మేనేజర్లు, డీలర్లు, క్రెడిట్ ఎనలిస్టులు, ఢిల్లీ, బెంగళూరు సేల్స్ వాళ్లు అందరూ ఉంటారు. వచ్చే వారం నుంచి మొదటి మూడు నిమిషాలు నన్ను మాట్లాడమన్నారు. ముందుగా రెండు పేజీలు రాసి చూపిస్తే మా సీనియర్ గారు “ఇదంతా పేపర్లో వచ్చిందే కదా, మనకేంటి?” అని వెనక్కిచ్చేశారు. దీనికి ఎలా ప్రిపేర్ కావాలి? ఏం చదవాలి? తెలియని ప్రశ్న వేస్తే ఏం చెప్పాలి? అంతమంది ముందు ఇంగ్లీషులో మాట్లాడాలంటేనే భయంగా ఉంది.
— కె.ఎస్., అంధేరి

జవాబు: అమ్మాయ్, మీ సీనియర్ రెండు ముక్కల్లో అంతా చెప్పేశారు. “మనకేంటి?” అన్న ప్రశ్నకి జవాబు చెప్పడానికే ఆ కాల్ పెట్టుకున్నారు. రిజర్వ్ బ్యాంకు ఏమంది, అమెరికాలో ఏమైంది, చమురు ధర ఎంత, ఇవన్నీ కాల్‌లో ఉన్నవాళ్లకి నీకన్నా ముందే తెలుసు. శుక్రవారం సాయంత్రమే వాళ్ల ఫోన్లు మోగిపోయి ఉంటాయి. వాళ్ల దగ్గర లేనిది ఒక్కటే: పోయిన శుక్రవారానికీ ఈ శుక్రవారానికీ మధ్య ఏది ఎంత కదిలిందో ఒకే చోటినుంచి తీసుకుని, ఒకే పద్ధతిలో లెక్కకట్టి, మన ఫండ్లలో ఉన్న కాగితాలకి (బాండ్లూ ఇతర అప్పు పత్రాలూ, మా భాషలో పేపర్లు) ముడిపెట్టిన పట్టిక. దానికి కూర్చునే తీరిక వాళ్లకుండదు. నీకుంటుంది. ఇంటర్న్‌కి ఆ డెస్క్ మీద ఉన్న బలం అదే.

ఆదివారం రాత్రి మేలుకుని చదవడం మానెయ్. ఈ పని శుక్రవారం సాయంత్రానిది. సర్కారు బాండ్ల వేలం మామూలుగా శుక్రవారం జరుగుతుంది, కటాఫ్‌లు (వేలంలో ఒప్పుకున్న ఆఖరి రేట్లు) మధ్యాహ్నానికి తెలిసిపోతాయి. సర్కారు బాండ్లు కొని అమ్మే రిజర్వ్ బ్యాంకు తెర ఎన్‌డీఎస్-ఓఎంలో లావాదేవీలు అయిదింటికి ఆగిపోతాయి. ఆ తర్వాత ఎఫ్‌బీఐఎల్ (బాండ్లకి ప్రామాణిక ధరలు లెక్కకట్టే సంస్థ) ఆ రోజు ధరలు విడుదల చేస్తుంది. రాష్ట్రాల అప్పుల వేలం మంగళవారమే అయిపోయి ఉంటుంది, ట్రెజరీ బిల్లులది బుధవారం. అంటే శుక్రవారం చీకటిపడే వేళకి నీ ముడిసరుకంతా సిద్ధం. ఆ రోజు ఆఫీసులో ఇంకో గంట కూర్చుని పట్టిక నింపేస్తే శని, ఆదివారాలు నీవి. (మేము చేరిన రోజుల్లో బాండు ధర తెలుసుకోవాలంటే బ్రోకర్లకి ఫోన్ మీద ఫోన్ చెయ్యాల్సిందే. 2005 ఆగస్టులో ఎన్‌డీఎస్-ఓఎం వచ్చాకే తెరమీద అందరికీ ఒకే ధర కనపడటం మొదలైంది. మీరు అదృష్టవంతులు, కానీ ఆ అదృష్టంతో స్క్రీన్‌షాట్లు తీసి పంపుకోవడమే ఎక్కువైపోయింది.)

పట్టికలో ఏముండాలి? యీల్డ్‌లు, అంటే ఇవాళ్టి ధరకి కొని చివరిదాకా ఉంచుకుంటే ఏడాదికి పడే రాబడి శాతం. మూడేళ్లు, అయిదేళ్లు, పదేళ్ల సర్కారు బాండు. అవే కాలాలకి ట్రిపుల్-ఏ (అన్నిటికన్నా పై రేటింగ్) పీఎస్‌యూలు, అంటే ప్రభుత్వ రంగ సంస్థలు: నాబార్డ్, సిడ్బీ, ఆర్‌ఈసీ, పీఎఫ్‌సీ లాంటివి. డబుల్-ఏ (దాని కింది మెట్టు) ఎన్‌బీఎఫ్‌సీలు, అంటే బ్యాంకులు కాని ఫైనాన్స్ కంపెనీలు, మీ దగ్గర ఉన్న పేర్లయితే మరీ మంచిది. మూడు నెలల బ్యాంకు సీడీ (డిపాజిట్ సర్టిఫికెట్), మూడు నెలల ఎన్‌బీఎఫ్‌సీ సీపీ (కమర్షియల్ పేపర్), రెండూ తక్కువ కాలపు అప్పు పత్రాలే. పదేళ్ల రాష్ట్ర బాండు కటాఫ్. పక్కన మూడు గళ్లు: ఈ శుక్రవారం, పోయిన శుక్రవారం, నెల కిందట. అంతకుమించి వద్దు. ఒక వారం ఒక బ్రోకరు షీటులోంచి, ఇంకో వారం ఇంకొకరి షీటులోంచి అంకెలు ఎత్తావంటే మార్కెట్ కదలకపోయినా నీ పట్టిక కదులుతుంది.

ఇక అసలు సంగతి. యీల్డ్ మారితే అందులో రెండు భాగాలుంటాయి. దేశంలో వడ్డీల మట్టం మారినందుకు ఎంత, అప్పు తీసుకున్నవాడి మీద నమ్మకం మారినందుకు ఎంత. మొదటిది సర్కారు బాండు చెబుతుంది, రెండోది స్ప్రెడ్ (ఆ బాండు యీల్డ్‌లోంచి అదే కాలం సర్కారు బాండు యీల్డ్ తీసేస్తే మిగిలేది) చెబుతుంది. కాల్ పేరే క్రెడిట్ మార్కెట్ అప్‌డేట్ కాబట్టి రెండోదాని కోసమే నిన్ను మాట్లాడమన్నారు. ఊరికే ఒక అంకె వేసుకుని చూద్దాం. మూడేళ్ల పీఎస్‌యూ బాండు యీల్డ్ వారంలో 6.85 నుంచి 6.97కి వెళ్లింది. కొత్తవాళ్లు చూసి “క్రెడిట్ దెబ్బతింది” అంటారు. అదే వారంలో మూడేళ్ల సర్కారు బాండు 5.85 నుంచి 5.95కి వెళ్లి ఉంటే? శాతంలో వందో వంతుని బేసిస్ పాయింట్ అంటారు. పెరిగిన పన్నెండు పాయింట్లలో పది సర్కారుది. స్ప్రెడ్ వంద నుంచి నూట రెండయింది, అంతే. ఆ వారం క్రెడిట్‌లో ఏమీ జరగలేదు. ఏమీ జరగలేదని అంకె చూపించి చెప్పడం కూడా అప్‌డేటే, సిగ్గుపడకు.

ఇక్కడ చాలామంది జారే మెట్టు ఒకటుంది. మన సర్కారు బాండ్ల వడ్డీ ఆరు నెలలకోసారి వస్తుంది, తెరమీద కనపడే యీల్డ్ ఆ లెక్కనే ఉంటుంది. పీఎస్‌యూ, కార్పొరేట్ బాండ్లలో ఎక్కువ భాగం ఏడాదికోసారి వడ్డీ ఇచ్చేవి, వాటి యీల్డ్ వార్షిక లెక్క. 6.50 అని తెరమీద ఉన్న సర్కారు యీల్డ్‌ని వార్షికం చేస్తే 6.61 అవుతుంది. ఆ మార్పు చెయ్యకుండా తీసేశావంటే స్ప్రెడ్‌లో పదకొండు బేసిస్ పాయింట్లు లేనిపోనివి వచ్చి చేరతాయి. ఎదురుగా ఉన్న డీలరు అది పట్టుకున్నాడంటే మిగతా అంకెలేవీ వినడు. ఎఫ్‌బీఐఎల్ అంకె తీసుకునేటప్పుడు అది ఏ లెక్కలో ఉందో పైన రాసి ఉంటుంది, చూసుకో.

మన రాష్ట్రాల నుంచే ఒక నిజం లెక్క చెబుతా, దీనికన్నా మంచి పాఠం నాకు దొరకలేదు. 2018 ఫిబ్రవరిలో గ్రేటర్ హైదరాబాద్ మునిసిపల్ కార్పొరేషన్ 200 కోట్ల బాండ్లు 8.90 శాతానికి అమ్మింది. ఆగస్టులో మళ్లీ వచ్చి 195 కోట్లు తీసుకుంది, ఈసారి 9.38. అదే ఆగస్టులో అమరావతి కోసం ఏపీ సీఆర్‌డీఏ (రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ) 2,000 కోట్లు తీసుకుంది, 10.32 శాతానికి. అప్పుడు చర్చల్లో అందరూ 8.90నీ 10.32నీ పక్కపక్కన పెట్టి “ఒకటిన్నర శాతం తేడానా!” అని కొట్టుకున్నారు. ఆ పోలికే తప్పు. ఫిబ్రవరికీ ఆగస్టుకీ మధ్య హైదరాబాదుకే 48 బేసిస్ పాయింట్లు పెరిగింది. అదే నగరం, అవే పన్నులు. పెరిగినదాంట్లో పెద్ద వాటా ఆ ఆరు నెలల్లో దేశంలో వడ్డీలు పైకెక్కినందుకు. మిగిలిన 94 ఉంది చూశావా, ఒకే నెలలో ఇద్దరి మధ్య ఉన్న తేడా, అది క్రెడిట్ కథ. ఒకటి ఇంటిపన్ను వసూలు చేసుకుంటున్న ఊరు, ఇంకొకటి కట్టబోయే ఊరు. అప్పు కూడా పదింతలు పెద్దది. రాష్ట్ర ప్రభుత్వం గ్యారంటీ ఇచ్చినా మార్కెట్ అంత అడిగింది. ఇప్పుడు మీ కాల్‌లో ఎవరో రెండు ఇష్యూల కూపన్లు (బాండు మీద రాసి ఉన్న వడ్డీ రేట్లు) పక్కపక్కన పెట్టారనుకో, ఏ తేదీల్లో వచ్చాయని ముందు అడుగు.

తర్వాత, అంకె ఎక్కడినుంచి వచ్చింది? బ్రోకరు చెప్పిన బిడ్ (కొంటామన్న ధర) వేరు, జరిగిన డీల్ వేరు. డీల్ జరిగినా సైజు చూడాలి. 2023 జనవరి నుంచి ప్రైవేట్ ప్లేస్‌మెంట్ బాండ్ల (అందరికీ కాక ఎంచుకున్న కొందరికే అమ్మేవి) ముఖవిలువని పది లక్షల నుంచి లక్షకి మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ దించింది. అందుకని చిన్న చిన్న డీల్స్ కుప్పలు తెప్పలుగా రిపోర్ట్ అవుతున్నాయి. అయిదు లక్షల డీల్ ఒకటి అరశాతం పైన జరిగిందని “ఫలానా పేపరు యీల్డ్ ఎగిరింది” అని చెప్పకు. అయిదు కోట్లకి తక్కువున్నవి పక్కన పెట్టి, మిగిలినవాటి సగటు తియ్. పక్కన పెట్టడమంటే చూడకపోవడం కాదు. 2018 సెప్టెంబరులో ఒక మ్యూచువల్ ఫండ్ ఇళ్ల రుణాల కంపెనీ డీహెచ్‌ఎఫ్‌ఎల్ కాగితాన్ని 11 శాతం యీల్డ్ దగ్గర అమ్మింది. మొత్తం అప్పుల మార్కెట్‌తో పోలిస్తే అది పెద్ద మొత్తమేమీ కాదు. కానీ ఐఎల్‌ఎఫ్‌ఎస్ (మౌలిక వసతుల ఫైనాన్స్ కంపెనీ) బకాయిలు ఎగ్గొట్టి ఇంకా నెల తిరగలేదు, అందరి నరాలూ తెగి ఉన్నాయి. ఆ ఒక్క డీల్ వార్త బయటకి రాగానే డీహెచ్‌ఎఫ్‌ఎల్ షేరు ఒక్కరోజులో నలభై శాతం పైన పడింది. కాబట్టి వింత డీల్ కనపడితే దాన్ని పట్టికలో కలపకుండా విడిగా చెప్పు: ఎంత, ఎప్పుడు, అమ్మింది ఎవరైనా తెలుసా, అదే పేపరులో ఇంకో డీల్ జరిగిందా.

ఐఎల్‌ఎఫ్‌ఎస్ అన్నాను కాబట్టి రేటింగుల మాట. 2018 ఆగస్టు దాకా అది ట్రిపుల్-ఏ. సెప్టెంబరు మధ్యకల్లా డి, అంటే అప్పు ఎగ్గొట్టినట్టే. మధ్యలో ఉన్న అన్ని మెట్లూ కొన్ని వారాల్లో అయిపోయాయి. రేటింగ్ మారిందని సోమవారం చెప్పడం చావు కబురు చల్లగా చెప్పడమే. నువ్వు చెయ్యగలిగింది, మీ దగ్గర ఉన్న పేర్ల రేటింగ్ పత్రాలు క్రిసిల్, ఇక్రా, కేర్, ఇండియా రేటింగ్స్ సైట్లలో ఉచితంగా దొరుకుతాయి, అవి తెరిచి రెండు పేరాలు చదవడం: లిక్విడిటీ (చేతిలో ఉన్న డబ్బు) గురించి రాసింది, ఏం జరిగితే రేటింగ్ మారుస్తామో రాసింది. రెండోదాంట్లో ఏజెన్సీ తన గీత తనే గీసి ఉంటుంది: అప్పు-ఆదాయం నిష్పత్తి ఇంత దాటితే, మొండి బాకీలు ఇంత దాటితే అని. కంపెనీ కొత్త త్రైమాసిక ఫలితం వచ్చినప్పుడు ఆ గీతకి ఎంత దూరంలో ఉందో ఒక్క వాక్యంలో చెప్పు. మీ క్రెడిట్ ఎనలిస్టు తల ఎత్తి చూడకపోతే నన్నడుగు. రంగు రంగుల బ్రోకరేజీ నోట్లు పది చదివేకన్నా ఇవి నాలుగు చదవడం మేలు.

“మనకేంటి” దగ్గరికి వద్దాం. మీ సీనియర్‌ని సిగ్గు విడిచి అడుగు: మన ఫండ్లలో ఏ పేర్లున్నాయి, ఈ నెలా వచ్చే నెలా ఏవి మెచ్యూర్ అవుతున్నాయి? మ్యూచువల్ ఫండ్లు పోర్ట్‌ఫోలియో ఎలాగూ బయటపెడతాయి కాబట్టి ఇది రహస్యం కాదు. ఆ జాబితా నీ పట్టిక పక్కన ఉంటే ఏ కదలిక చెప్పాలో, ఏది వదిలెయ్యాలో దానంతటదే తేలిపోతుంది. అలాగే రాబోయే వారం: ఏ పీఎస్‌యూలు బాండ్లకి వస్తున్నాయి, మంగళవారం రాష్ట్రాలు ఎంత తీసుకుంటున్నాయి, అందులో ఆంధ్రా, తెలంగాణ ఉన్నాయా (సాధారణంగా ఉంటాయి లే), పన్నెండో తారీఖు ద్రవ్యోల్బణం అంకె ఉందా, పదిహేనున అడ్వాన్స్ టాక్స్, ఇరవైన జీఎస్టీ కట్టడానికి బ్యాంకుల నుంచి డబ్బు బయటికి వెళ్లే వారమా. చివరి రెండూ మూడు నెలల సీడీ, సీపీ రేట్లని కదుపుతాయి. రిజర్వ్ బ్యాంకు రోజూ ఇచ్చే మనీ మార్కెట్ ప్రకటనలో వ్యవస్థలో డబ్బు మిగులుందా, కొరతుందా అన్నది చూస్తే సగం కారణం దొరుకుతుంది.

ఇంతా చేసి మూడు నిమిషాల్లో ఏం చెప్పాలి? అంకెలు ఊహించినవే, కాల్ ఇంగ్లీషులో ఉన్నా వరస ఇది:

“పోయిన శుక్రవారంతో చూస్తే మూడేళ్ల ట్రిపుల్-ఏ పీఎస్‌యూ యీల్డ్ 12 బేసిస్ పాయింట్లు పెరిగి 6.97. అందులో పది సర్కారు బాండుదే, స్ప్రెడ్ 100 నుంచి 102. డబుల్-ఏ ఎన్‌బీఎఫ్‌సీల్లో మాత్రం స్ప్రెడ్ 15 పెరిగింది, అది కూడా రెండే పేర్లలో. వాటిలో ఒకటి మన షార్ట్ టర్మ్ ఫండ్‌లో ఉంది, ఆగస్టులో మెచ్యూరిటీ. ఆ పేపరులో వారమంతా జరిగినవి మూడు డీల్స్, అన్నీ అయిదు కోట్ల పైనే. ఈ వారం రెండు పీఎస్‌యూ ఇష్యూలు, రెండూ మూడేళ్లవే. కాబట్టి ఆ కాలంలో సప్లై ఎక్కువ. గురువారం పన్నెండో తారీఖు, ద్రవ్యోల్బణం వస్తుంది.”

ఇది చదివితే నిమిషం కూడా పట్టదు. మిగతా రెండు నిమిషాలు వాళ్ల ప్రశ్నలకి. మూడు నిమిషాలిచ్చారు కదా అని మూడూ మాట్లాడేవాళ్లని ఏ డీలింగ్ రూములోనూ ఇష్టపడరు.

మాట్లాడేటప్పుడు ఒక జాగ్రత్త. “మార్కెట్ పెరిగింది” అనకు. బాండ్ల వాళ్లకి మార్కెట్ పెరగడమంటే ధర పెరగడం, అంటే యీల్డ్ తగ్గడం. నీ మనసులో యీల్డ్ ఉంటుంది, వాళ్ల చెవిలో ధర పడుతుంది, సరిగ్గా ఉల్టా అర్థం వెళుతుంది. ప్రతిసారీ యీల్డ్ అనో, ధర అనో పేరు పెట్టి చెప్పు. పది బేసిస్ పాయింట్లని పది శాతం అన్నవాళ్లూ ఉన్నారు, వాళ్ల గురించి ఏళ్ల తరబడి చెప్పుకుంటారు.

ఇంగ్లీషు భయం గురించి నాకు పెద్ద బాధ లేదు. ఈ భాషలో పనికొచ్చే క్రియలు నాలుగైదే: పెరిగింది, తగ్గింది, వచ్చింది, కొన్నారు, అమ్మారు. మిగతావి అంకెలు. ముంబైలో డీలర్ల ఇంగ్లీషు నువ్వనుకున్నంత దొరసాని ఇంగ్లీషు కాదు, గుజరాతీ, మరాఠీ, తమిళం అన్నీ అందులో ఉంటాయి. కాగితం చూసి చదవకు. అంకెలు మాత్రం కాగితం మీద చూడు, వాక్యాలు నోటికి రానీ. గోడకేసి ఒకసారి గట్టిగా చెప్పుకుని చూసుకుంటే ఏ వాక్యం పొడుగైందో నీకే తెలుస్తుంది.

తెలియని ప్రశ్న వేస్తే “చూసి పది గంటల్లోపు మెయిల్ చేస్తాను” అను, చెయ్. రెండో భాగమే చాలామంది మర్చిపోతారు. “నీ వ్యూ ఏంటి?” అని కొందరు సరదాకి గిల్లుతారు. ఇంటర్న్‌కి కూడా వ్యూ ఉండాలని బిజినెస్ స్కూళ్లలో నేర్పుతున్నారట. నేను ఒప్పుకోను. కొనాలా అమ్మాలా అన్నది డబ్బు బాధ్యత ఉన్నవాళ్లు చెప్పే మాట. నువ్వు “స్ప్రెడ్ ఇంకో పది పెరిగితే సంవత్సరంలోకెల్లా ఎక్కువ అవుతుంది, అది చూస్తున్నాను” అని చెప్పగలిగితే చాలు. ఏం కనిపెట్టి చూడాలో తెలియడమే ఈ రెండు నెలల్లో నీ వ్యూ.

ఇంకొక్కటి. ఆ కాల్‌లో విన్నది నీ పీజీలో రూమ్మేట్‌కి చెప్పకు, ముఖ్యంగా ఆ అమ్మాయి ఇంకో ఫండ్‌లోనో బ్రోకరు దగ్గరో చేస్తుంటే. ఏ పేపరు అమ్మాలనుకుంటున్నారో బయటికి పొక్కితే అది కబుర్లు చెప్పుకోవడం కింద పోదు. సెబీ నియమాలున్నాయి, డీలింగ్ రూము ఫోన్లు రికార్డవుతాయి, వాట్సాప్ సంగతి చెప్పనే అక్కర్లేదు.

ప్రశ్న: అయ్యా/అమ్మా, నేను రిటైర్డ్ టీచర్ని. మా అబ్బాయికి ముంబైలో క్రెడిట్ మార్కెట్ అనే దాంట్లో ఉద్యోగం వచ్చింది. ఊళ్లో అడిగితే ఏం చెప్పాలో తెలియడం లేదు. అప్పులిప్పించే ఏజెంటు అనుకుంటున్నారు.
— వి.ఆర్., రేపల్లె

జవాబు: అమ్మనే, మాస్టారూ. మీ రేపల్లెలో నోటు రాయించుకుని అప్పిచ్చే పెద్దాయన ఒకరుంటారు కదా. ఒకరికి నూటికి రూపాయిన్నర వడ్డీ అంటాడు, పక్కవీధి వాడికి మూడు రూపాయలు అంటాడు. డబ్బు అదే, ఇచ్చేవాడు అతనే. పైనున్న రూపాయిన్నర “వీడు ఇస్తాడో ఇవ్వడో” అన్న అనుమానానికి. ఆ నోటుని అతను ఇంకొకరికి మార్చి ఇచ్చి డబ్బు తెచ్చుకోవాలంటే ఎంతకి పోతుందో, నిన్నటికన్నా ఇవాళ అనుమానం పెరిగిందో తగ్గిందో చూడటం మీవాడి పని. నోట్ల మీద ఉన్నవి కంపెనీల పేర్లు, మొత్తాలు కోట్లలో. ఏజెంటు కాదని ధైర్యంగా చెప్పండి. ఏ ఫండ్‌లో డబ్బు పెట్టమంటావురా అని మాత్రం అడగకండి. అలాంటివి ఇంట్లో చెప్పడానికి కూడా వాళ్లకి ఆఫీసు షరతులుంటాయి.

ప్రశ్న: నమస్తే మేడమ్. గచ్చిబౌలిలో ఒక విదేశీ బ్యాంకు సెంటర్‌లో ఇంటర్న్‌ని. న్యూయార్క్ డెస్క్ వాళ్ల క్రెడిట్ కాల్‌కి స్లైడ్లు మేం చేస్తాం. కాల్‌లో వింటాం గానీ సగం అర్థం కాదు. ఇండియా బాండ్ల లెక్క అక్కడ పనికొస్తుందా?
— ఎం., కొండాపూర్

జవాబు: స్ప్రెడ్ అన్న ఆలోచన ఒకటే నాయనా, అలవాట్లు వేరు. అక్కడ ఇన్వెస్ట్‌మెంట్ గ్రేడ్ (మంచి రేటింగ్ బాండ్లు, ఐజీ) వాళ్లు స్ప్రెడ్‌లో మాట్లాడతారు, హై యీల్డ్ (తక్కువ రేటింగ్ బాండ్లు, హెచ్‌వై) డీలర్లు ఎక్కువగా ధరలో మాట్లాడతారు. సీడీఎక్స్ సూచీల్లో (కంపెనీలు అప్పు ఎగ్గొడితే ఆదుకునే బీమా లాంటి ఒప్పందాల సూచీలు) కూడా అంతే. ఐజీ స్ప్రెడ్‌లో కోట్ అవుతుంది, హెచ్‌వై ధరలో. అందుకే “ఐజీ పెరిగింది, హెచ్‌వై పెరిగింది” అని ఒకే వాక్యంలో విన్నప్పుడు ఒకటి చెడ్డవార్త, ఒకటి మంచివార్త కావచ్చు. నీకు సగం అర్థం కానిది బహుశా అదే.

డీల్స్ సమాచారం అక్కడ ట్రేస్ అనే వ్యవస్థలో వస్తుంది. 2002 నుంచీ ఉంది, డీలర్లు డీల్ అయిన నిమిషాల్లోనే రిపోర్ట్ చెయ్యాలి. పెద్ద డీల్స్‌కి అసలు సైజు వెంటనే కనపడదు. ఇన్వెస్ట్‌మెంట్ గ్రేడ్‌లో అయిదు మిలియన్ డాలర్లు దాటితే “5 పైన” అని, హై యీల్డ్‌లో ఒక మిలియన్ దాటితే “1 పైన” అని మాత్రం వస్తుంది. ఆ “5 పైన” అన్నవన్నీ సమానం అనుకుని సగటు తీశావంటే యాభై మిలియన్ల డీల్‌కీ అయిదున్నరకీ ఒకటే బరువు ఇచ్చినట్టు.

పాత వారం ఒకటి తీసుకుని అభ్యాసం చెయ్. నేనైతే 2020 మార్చి ఇస్తాను.  ఆ నెలలో హై యీల్డ్ స్ప్రెడ్ పదకొండు శాతం దగ్గరికి వెళ్లింది. మార్చి 23న కార్పొరేట్ బాండ్లు కొంటామని అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ ప్రకటించింది. ముందుగా ఈటీఎఫ్‌లు (షేరులా అమ్ముడయ్యే ఫండ్లు) కొనడం మొదలుపెట్టింది మే నెలలో, కానీ స్ప్రెడ్లు కిందకి తిరిగింది ప్రకటనతోనే. అదే వారంలో ఫోర్డ్ ఇన్వెస్ట్‌మెంట్ గ్రేడ్ పోగొట్టుకుంది. అంటే ఒకే వారంలో మొత్తం మార్కెట్ బాగుపడింది, ఒక పెద్ద పేరు కిందకి జారింది. ఆ వారానికి మూడు వాక్యాల అప్‌డేట్ రాసి మీ టీమ్ లీడ్‌కి చూపించు. స్లైడ్ చేసేవాడు స్లైడ్ కింద వాక్యం కూడా రాయగలడని వాళ్లకి తెలిస్తేనే కాల్‌లో మైకు నీదాకా వస్తుంది. టైము సంగతి కూడా చూసుకో: న్యూయార్క్‌లో పొద్దున ఎనిమిదంటే ఎండాకాలం మనకి సాయంత్రం అయిదున్నర, చలికాలం ఆరున్నర. నవంబరులో వాళ్ల గడియారం మారిన వారం గంట ముందే కూర్చుని ఎవరూ రాలేదని కంగారుపడేవాళ్లు ప్రతి ఏడాదీ ఉంటారు.

ప్రశ్న: నేను మెకానికల్ ఇంజినీరింగ్. బాండ్ల డెస్క్‌లో ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూకి పిలిచారు. కామర్స్ రాదు. కనీసం ఏ లెక్క వచ్చి ఉండాలి?
— పి., వరంగల్

జవాబు: ఒక్కటే. బాండు మాడిఫైడ్ డ్యూరేషన్ (యీల్డ్ ఒక శాతం మారితే ధర సుమారు ఎంత శాతం మారుతుందో చెప్పే అంకె) 2.6 అనుకో, యీల్డ్ పది బేసిస్ పాయింట్లు పెరిగింది. ధర సుమారు 0.26 శాతం పడుతుంది. వంద కోట్లు ఉంటే ఇరవై ఆరు లక్షలు పోయినట్టు. కాగితం లేకుండా, కాల్‌క్యులేటర్ లేకుండా ఈ గుణకారం రావాలి, డ్యూరేషన్ 4 అయితే ఎంత, పదిహేను పాయింట్లయితే ఎంత అని మారుస్తూ అడుగుతారు. యీల్డ్ పెరిగితే ధర పడుతుందన్నది తడుముకోకుండా చెప్పాలి. మెకానికల్ వాళ్లకి ఇది సాయంత్రం పని. ఎక్సెల్ వాళ్లే నేర్పుతారు.